సూక్ష్మజీవి జమాఖర్చులు

జమ, ఖర్చు అనే రెండు మాటలు ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి, మన ఇళ్లలోనూ అంగళ్లలోనూ స్థిరపడిపోయినవి. వచ్చినదెంత, పోయినదెంత, మిగిలినదెంత అని లెక్క చూచుకోని సంసారం నిలువదని అందరికీ తెలుసు. అయితే ఈ లెక్క మనుష్యులకు మాత్రమే పరిమితమైనది కాదు. కంటికి కనబడని బాక్టీరియా కూడ అనుక్షణం జమాఖర్చులు చూచుకొంటూనే బ్రతుకుతున్నది. దానికి మెదడు లేదు, నాడీమండలం లేదు, రేపటిని గూర్చిన ఆలోచన లేదు. ఐనను ఏ ఆహారాన్ని ముందు స్వీకరించాలి, దేనిని తరువాతకు ఉంచాలి, ఏ పనిముట్టును ఎప్పుడు తయారుచేసికోవాలి, ఎప్పుడు ఆపివేయాలి అన్న నిర్ణయాలు దానిలో నిరంతరం జరిగిపోతున్నవి. అవి ఎట్లు జరుగుతున్నవో, వాటితో మన మందులకూ మన పొలాలకూ గల సంబంధమేమిటో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

రెండు ముఖ్య ద్రవ్యాలు

బాక్టీరియా దేహం నుండి నీటిని తొలగించి, మిగిలిన పదార్థాన్ని తూచినట్లయితే, అందులో దాదాపు సగం కర్బనం ఉంటుంది. సుమారు 14 శాతం నత్రజని ఉంటుంది. మిగిలినది ఆమ్లజని, ఉదజని, భాస్వరం, గంధకం, కొన్ని లవణాలు. కర్బనం దేహానికి చట్రం వంటిది; అది ఇంధనం కూడ. నత్రజని లేనిదే ప్రోటీనులు లేవు, జన్యుపదార్థమూ లేదు. ఈ రెండు ద్రవ్యాలలో ఏ ఒక్కటి కొరవడినా రెండవదాని సమృద్ధి నిష్ప్రయోజనం. ఇటుకలు గుట్టలుగా పోసి ఉన్నా సున్నం లేనిచోట గోడ లేవదు కదా!

ఈ విషయంలో శాస్త్రజ్ఞులు అత్యధికంగా పరిశీలించిన జీవి ఎషెరిషియా కోలై. 1885లో థియోడర్ ఎషెరిష్ అనే శిశువైద్యుడు దీనిని వర్ణించినాడు. ఆయన పేరే దీనికి నిలిచినది. మనుష్యుల, పశువుల ప్రేగులలో నివసించే ఈ జీవి పొడవు మిల్లీమీటరులో సుమారు ఐదువందవ వంతు. అనుకూల పరిస్థితులలో ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలిపోగలదు. ప్రయోగశాలలలో వాడే దీని రకం ఒకదాని సంపూర్ణ జన్యుక్రమాన్ని 1997లో ప్రకటించినారు. అందులో సుమారు 4,300 జన్యువులున్నవి. ప్రతి జన్యువు ఒక ప్రోటీను తయారీకి ఆదేశం వంటిది.

ఇక్కడ ఒక సంగతిని గమనించాలి. బాక్టీరియా పొడి బరువులో సగానికి పైగా ప్రోటీనులే. ప్రోటీను తయారీకి అయ్యే శక్తివ్యయం మిగిలిన అన్ని ఖర్చులకంటే ఎక్కువ. అందువల్ల అవసరం లేని ప్రోటీనును తయారుచేసే బాక్టీరియా, అవసరమైనవాటిని మాత్రమే చేసే ప్రక్క బాక్టీరియాకంటే నెమ్మదిగా పెరుగుతుంది. కొన్ని వందల తరాలు గడిచేసరికి దాని వంశం పోటీలో వెనుకబడి అంతరించిపోతుంది. పొదుపు అన్నది బాక్టీరియాకు సద్గుణం కాదు, జీవన్మరణ సమస్య.

పారిస్ నగరంలో ఒక ప్రయోగం

ఈ పొదుపు మొదటిసారి స్పష్టంగా బయటపడినది రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, జర్మను సేనల అధీనంలో ఉన్న పారిస్ నగరంలో. జాక్ మోనో అనే యువశాస్త్రజ్ఞుడు సోర్బోన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కొరకు బాక్టీరియా పెరుగుదలను కొలుస్తున్నాడు. ఆయన పద్ధతి అతి సరళమైనది. నీటిలో కొన్ని లవణాలు, ఒక చక్కెర కలిపి, అందులో బాక్టీరియాను వేసి, ద్రవం ఎంత మసకబారుచున్నదో కొంతసేపటికొకసారి చూచుటయే. మసక ఎక్కువైనకొద్దీ బాక్టీరియా సంఖ్య పెరిగినదన్నమాట.

ఒకే చక్కెర ఇచ్చినప్పుడు పెరుగుదల రేఖ సాఫీగా పైకి పోయి ఒకచోట ఆగిపోయినది. రెండు చక్కెరలు కలిపి ఇచ్చినప్పుడు కొన్ని జతల విషయంలో ఆశ్చర్యకరమైన ఫలితం కనిపించినది. రేఖ ముందు పైకి పోయి, ఆగి, కొంతసేపు చదునుగా నిలిచి, మరల పైకి పోయినది. పాలలో ఉండే చక్కెరయైన లాక్టోజునూ గ్లూకోజునూ కలిపి ఇచ్చినప్పుడు బాక్టీరియా ముందు గ్లూకోజును మాత్రమే తిన్నది. గ్లూకోజు పూర్తిగా అయిపోయిన తరువాత పెరుగుట మానివేసినది. కొంత వ్యవధి గడిచిన పిమ్మట లాక్టోజును తినుట ఆరంభించినది. మిశ్రమంలో గ్లూకోజు పాలు ఎంత పెంచితే మొదటి మెట్టు అంత ఎత్తు. రెండవ చక్కెర పాలు ఎంత పెంచితే రెండవ మెట్టు అంత ఎత్తు. రెండు మెట్ల ఈ పెరుగుదలకు మోనో 'డయాక్సీ' అని పేరు పెట్టినాడు. 1941లో ఈ పరిశోధనకు ఆయనకు డాక్టరేటు లభించినది. ఆ వెనుక ఆయన ఫ్రెంచి ప్రతిఘటనోద్యమంలో పనిచేస్తూనే పరిశోధన కొనసాగించినాడు.

రెండు మెట్ల నడుమ ఉన్న ఆ చదును భాగమే అసలు రహస్యం. ఆ వ్యవధిలో బాక్టీరియా ఏమి చేస్తున్నది? లాక్టోజును చీల్చుటకు కావలసిన బీటా-గెలాక్టోసిడేజు అనే ఎంజైమును కొత్తగా తయారుచేసికొంటున్నదని తరువాతి పరిశోధనలలో తేలినది. పాత ప్రోటీనును మార్చి వాడుకొనుట కాదు, మొదటి నుండి కొత్తగా నిర్మించుటయే. పని పడినప్పుడే పనిముట్టు చేయించుకొనే రైతు వంటిదన్నమాట.

తాళమూ తాళంచెవీ

ఈ ఎంజైము అవసరమైనప్పుడే ఎట్లు తయారౌతున్నది? దీనికి సమాధానాన్ని 1961లో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో ప్రకటించినారు. లాక్టోజు వినియోగానికి కావలసిన మూడు జన్యువులు వరుసగా ఒకేచోట ఉన్నవి. వాటిలో ఒకటి చీల్చే ఎంజైమును చేస్తుంది. మరొకటి లాక్టోజును కణంలోనికి తెచ్చే ద్వారం వంటి ప్రోటీనును చేస్తుంది. ఈ వరుసకు ముందున్న భాగంపై ఒక నిరోధక ప్రోటీను కూర్చుండి జన్యువులను పనిచేయనీయదు. లాక్టోజు నుండి ఏర్పడే ఒక చిన్న అణువు వచ్చి ఆ నిరోధకానికి అంటుకొన్నప్పుడు అది పట్టు వదలి లేచిపోతుంది; జన్యువులు పనిలోకి దిగుతవి. ఈ జన్యుసముదాయానికి 'లాక్ ఓపెరాన్' అని పేరు. ఈ కృషికి జాకబ్, మోనోలకూ, వారికి మార్గదర్శియైన ఆంద్రే లువోఫ్‌కూ 1965లో నోబెల్ బహుమానం లభించినది. 1966లో అమెరికాలో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ ఆ నిరోధక ప్రోటీనును వేరుచేసి చూపగలిగినారు.

ఇక్కడ సూక్ష్మబుద్ధిగల విద్యార్థికి ఒక సందేహం రావచ్చును. ద్వార ప్రోటీను లేకుండ లాక్టోజు లోనికి ఎట్లు వచ్చును? అది లోనికి రానిదే తాళం ఎట్లు తెరచుకొనును? సమాధానమేమనగా, తాళం ఎన్నడూ పూర్తిగా పడదు. నిరోధకం అప్పుడప్పుడు క్షణకాలం పట్టు సడలిస్తుంది. అందువలన ప్రతి కణంలోనూ ద్వార ప్రోటీనులు, ఎంజైములు బహుస్వల్ప సంఖ్యలో ఎప్పుడూ ఉంటవి. అవి వేగుల వంటివి. పరిసరాలలో లాక్టోజు ఉన్నట్లయితే వాటి ద్వారా వార్త లోనికి చేరుతుంది.

అయితే దీనితో కథ ముగియలేదు. లాక్టోజు ఉన్నప్పుడు తాళం తెరచుకొంటుందని తెలిసినది. మరి గ్లూకోజు కూడ ఉన్నప్పుడు ఎందుకు తెరచుకొనుట లేదు?

గ్లూకోజు చూపే ప్రాబల్యం

గ్లూకోజు కణంలోనికి వట్టిగా రాదు. 1964లో సాల్ రోజ్‌మన్, ఆయన సహచరులు కుండిగ్, ఘోష్ కనుగొన్నట్లు, గ్లూకోజు లోనికి వచ్చుచుండగానే దానికి ఒక భాస్వర ముద్ర వేయబడుతుంది. ఆ ముద్ర ఒక ప్రోటీను నుండి మరొక ప్రోటీనుకు, చేతి నుండి చేతికి కాగడా అందించినట్లు, వరుసగా అందుతూ వచ్చి చివరకు గ్లూకోజుకు చేరుతుంది. ఈ వరుసలో ఉన్న ఒక ప్రోటీనును మన సౌకర్యం కొరకు 'దూత' అందాం.

గ్లూకోజు పుష్కలంగా వచ్చుచున్నప్పుడు దూత చేతిలోని ముద్ర వెంటవెంటనే ఖర్చైపోతుంది. దూత చేయి ఖాళీగా ఉంటుంది. ఖాళీ చేతి దూత పోయి లాక్టోజు ద్వారానికి అంటుకొని దానిని మూసివేస్తుంది. లాక్టోజు లోనికి రాదు, తాళం తెరచుకొనదు. గ్లూకోజు అయిపోయినప్పుడు ముద్రను తీసికొనేవారు లేరు గనుక దూత చేయి నిండుగా ఉంటుంది. అప్పుడది ద్వారాన్ని వదలివేయుటయే గాక, మరొక ఎంజైమును ప్రోత్సహించి 'సైక్లిక్ ఏ.ఎం.పి.' అనే చిన్న అణువును తయారుచేయిస్తుంది. ఈ అణువు ఒక ప్రోటీనుతో జతకూడి, లాక్ ఓపెరాన్ వద్దకే గాక, ఇతర చక్కెరల వినియోగానికి సంబంధించిన అనేక జన్యువుల వద్దకు పోయి, వాటిని చురుకుగా పనిచేయిస్తుంది. ఇంట్లో బియ్యం నిండుకొన్నవన్న కబురు అందిన తరువాత జొన్నలు, రాగులు, సజ్జలు ఎక్కడున్నవో వెదకుమని అందరికీ చెప్పి పంపినట్లన్నమాట.

ఈ సైక్లిక్ ఏ.ఎం.పి.ని ముందుగా జంతు శరీరాలలో, హార్మోనుల చర్యలో కనుగొన్నవాడు ఎర్ల్ సదర్‌లాండ్. ఆ కృషికే ఆయనకు 1971లో నోబెల్ బహుమానం వచ్చినది. బాక్టీరియాలో కూడ ఇది ఉన్నదనీ, గ్లూకోజు ఇచ్చినప్పుడు తగ్గుతుందనీ 1965లో ఆయనే మాక్‌మన్‌తో కలిసి చూపినాడు. అణువు ఒక్కటే; ఏనుగు దేహంలోనూ ఉన్నది, ఏకకణ జీవిలోనూ ఉన్నది. ఇది ఏ.టి.పి. అనే అణువు నుండి తయారౌతుంది. ఆ ఏ.టి.పి.ని కండరాల నుండి వేరుచేసి 1929లో ప్రకటించినవారిలో మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డు వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఈ పని చేసినాడు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొన్నాడు. సకల జీవరాశి వాడుకొనే శక్తినాణెం ఇదే.

పాఠ్యపుస్తకాలు చాలవరకు సైక్లిక్ ఏ.ఎం.పి.నే ప్రధాన కారణంగా చెప్పుతవి. కాని 1996లో జపాను శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధన ఈ అభిప్రాయాన్ని సవరించినది. గ్లూకోజుపై పెరుగుచున్నప్పుడూ, లాక్టోజుపై పెరుగుచున్నప్పుడూ కణంలోని సైక్లిక్ ఏ.ఎం.పి. పరిమాణంలో పెద్ద భేదం లేదని వారు చూపినారు. రెండు మెట్ల పెరుగుదలకు ముఖ్య కారణం ద్వారం మూతపడుటయే. అట్లయితే సైక్లిక్ ఏ.ఎం.పి. నిజంగా దేనిని కొలుస్తున్నది? ఈ ప్రశ్నకు సమాధానం నత్రజని కథ చెప్పుకొన్న తరువాతగాని బోధపడదు.

నత్రజని లెక్క

ఎషెరిషియా కోలైకి అత్యంత ప్రీతిపాత్రమైన నత్రజని రూపం అమ్మోనియా. కణం లోపల అమ్మోనియా రెండు అమైనో ఆమ్లాలలోనికి చేర్చబడుతుంది. ఒకటి గ్లుటామేట్, రెండవది గ్లుటమిన్. కణంలోని నత్రజనిలో దాదాపు 88 శాతం గ్లుటామేట్ ద్వారానూ, మిగిలినది గ్లుటమిన్ ద్వారానూ పంపిణీ అవుతుంది.

అమ్మోనియాను పట్టుకొనుటకు కణానికి రెండు మార్గాలు కలవు. మొదటిది చౌక మార్గం. ఇందులో అమ్మోనియా నేరుగా ఆల్ఫా-కీటోగ్లుటారేట్ అనే కర్బన చట్రంతో చేరి గ్లుటామేట్ అవుతుంది. దీనికి ఏ.టి.పి. ఖర్చు లేదు. కాని ఈ ఎంజైము పట్టు బలహీనం; అమ్మోనియా పుష్కలంగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. రెండవది ఖరీదైన మార్గం. గ్లుటమిన్ సింథటేజు అనే ఎంజైము, ఒక్కొక్క అమ్మోనియాకు ఒక్కొక్క ఏ.టి.పి. చొప్పున చెల్లించి, దానిని గ్లుటామేట్‌తో చేర్చి గ్లుటమిన్ చేస్తుంది. 1970లో కనుగొనబడిన మరొక ఎంజైము ఆ గ్లుటమిన్ నుండి నత్రజనిని తీసి ఆల్ఫా-కీటోగ్లుటారేట్‌కు అందించి గ్లుటామేట్ చేస్తుంది. ఈ మార్గం పట్టు బలమైనది. అమ్మోనియా అణువులు అరుదుగా ఉన్నా వదలదు.

చెరువు నిండుగా ఉన్నప్పుడు చేతితో ముంచుకోవచ్చును. నీరు అడుగంటినప్పుడు మోటారు పెట్టి తోడాలి. దానికి కరెంటు ఖర్చు తప్పదు. నీరున్నప్పుడు మోటారు నడుపుట ఎంత అవివేకమో, అమ్మోనియా ఉన్నప్పుడు ఏ.టి.పి. వెచ్చించుట అంత అవివేకం. అందువలన గ్లుటమిన్ సింథటేజు ఎంజైముపై బాక్టీరియా ఉంచిన కాపలా అసాధారణమైనది.

అమెరికాలో ఎర్ల్ స్టాడ్‌మన్, జర్మనీలో హెల్మూట్ హోల్జర్ 1960ల ఉత్తరార్ధంలో ఈ కాపలాను విప్పి చూపినారు. ఈ ఎంజైము పన్నెండు భాగాల కూర్పు. ఆరేసి భాగాలు గల రెండు చక్రాలు ఒకదానిపై ఒకటి ఉన్నట్లు ఉంటుంది. అమ్మోనియా సమృద్ధిగా ఉన్నప్పుడు ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క చిన్న అణువు తగిలించబడి, ఆ భాగం పని మందగిస్తుంది. పన్నెండింటిలో ఎన్నింటికి తగిలించాలన్నది అవసరాన్ని బట్టి మారుతుంది. ఇది మూయుట, తెరచుట మాత్రమే గల మీట కాదు. కొద్దికొద్దిగా త్రిప్పగల కొళాయి.

కొళాయి త్రిప్పే చేతికి కబురు అందించేది 'పి-రెండు' అనే చిన్న ప్రోటీను. గ్లుటమిన్ ఎక్కువగా ఉంటే ఈ ప్రోటీను ఒక రూపంలోనూ, తక్కువగా ఉంటే ముద్ర వేయించుకొని మరొక రూపంలోనూ ఉంటుంది. ముద్ర లేని రూపం ఎంజైమును మందగింపజేస్తుంది. ముద్ర గల రూపం ఎంజైమును విడిపిస్తుంది. అంతేగాక, ఇదే ప్రోటీను జన్యువుల స్థాయిలో కూడ అధికారం చూపుతుంది. నత్రజని కొరవడినప్పుడు రెండు ప్రోటీనులు ఒకదానికొకటి భాస్వర ముద్రను అందించుకొనగా సుమారు 75 జన్యువులు పనిలోకి దిగుతవి. అవి అమ్మోనియాను బయట నుండి లాగే ద్వారాలనూ, ఇతర నత్రజని పదార్థాలను వెదకి తెచ్చే ప్రోటీనులనూ తయారుచేయిస్తవి. ఈ విషయంలో బోరిస్ మాగాసానిక్, ఆయన శిష్యుడు నిన్‌ఫా 1986లో చేసిన ఆవిష్కారం ముఖ్యమైనది. ఇట్టి రెండు ప్రోటీనుల జంటలు బాక్టీరియా ప్రపంచమంతటా, ఉష్ణం, లవణం, వెలుతురు మొదలైన అనేక సంకేతాలను గ్రహించుటలో ఉన్నవని తరువాత తెలిసినది.

రెండు ఖాతాలు కలిసేచోటు

పై రెండు కథలలో ఒకే అణువు గమనించదగినది. అది ఆల్ఫా-కీటోగ్లుటారేట్. గ్లూకోజు విచ్ఛిన్నమై వచ్చే కర్బనం ఒకవైపు నుండి ఈ అణువు వరకు చేరుతుంది. అమ్మోనియా రెండవవైపు నుండి వచ్చి దీనితోనే కలుస్తుంది. కర్బన ఖాతా, నత్రజని ఖాతా ఒకే పుటపై కలిసేచోటు ఇదే.

నత్రజని కొరవడినదనుకొందాం. కర్బనం వచ్చుచూనే ఉన్నది, కాని దానితో కలియుటకు అమ్మోనియా లేదు. ఆల్ఫా-కీటోగ్లుటారేట్ పేరుకొనిపోతుంది. ఇట్లు పేరుకొనుటయే నత్రజని కరువుకు గుర్తు. పి-రెండు ప్రోటీను ఈ అణువును కూడ గుర్తించగలదు. అంతేకాదు. గ్లూకోజును లోనికి తెచ్చే వరుసలోని మొదటి ఎంజైమును ఆల్ఫా-కీటోగ్లుటారేట్ నేరుగా అడ్డుకొంటుందని 2011లో ప్రకటించినారు. నత్రజని లేనప్పుడు గ్లూకోజును లోనికి తెచ్చి ప్రయోజనం లేదు గనుక గ్లూకోజు రాక తగ్గించబడుతున్నది. అమ్మోనియా మరల అందిన వెంటనే ఆ అణువు ఖర్చై, గ్లూకోజు ద్వారం తెరచుకొంటుంది.

ఇక సైక్లిక్ ఏ.ఎం.పి. విషయం. 2013లో టెరెన్స్ హ్వా బృందం కాలిఫోర్నియాలో ఒక పరిశోధన ప్రకటించినది. కర్బనం రాక తగ్గినప్పుడు సైక్లిక్ ఏ.ఎం.పి. పెరుగుతుంది, కర్బనం తెచ్చే ప్రోటీనులు పెరుగుతవి. నత్రజని రాక తగ్గినప్పుడు ఆల్ఫా-కీటోగ్లుటారేట్ వంటి అణువులు పేరుకొని సైక్లిక్ ఏ.ఎం.పి.ని తగ్గిస్తవి, కర్బనం తెచ్చే ప్రోటీనులు తగ్గుతవి. కనుక సైక్లిక్ ఏ.ఎం.పి. గ్లూకోజు ఉన్నదా లేదా అని మాత్రమే చెప్పే జెండా కాదు. కణంలోనికి వచ్చే కర్బనానికీ, కణానికి కావలసిన కర్బనానికీ గల తేడాను చూపే తరాజు ముల్లు అది. ఏ వైపు కొరత ఉన్నదో ఆ వైపుకు ప్రోటీనుల పెట్టుబడి మళ్ళించబడుతుంది. మొత్తం పెట్టుబడి పరిమితం గనుక, ఒకచోట పెంచినప్పుడు మరొకచోట తగ్గించక తప్పదు.

అన్ని బాక్టీరియాల రుచులు ఒకటి కావు

ఇంతవరకు చెప్పినది ఎషెరిషియా కోలై పద్ధతి. దీనిని సర్వ బాక్టీరియాలకు అన్వయించుట పొరపాటు. నేలలో ఉండే బాసిల్లస్ సబ్‌టిలిస్ కూడ గ్లూకోజునే ముందు తింటుంది. కాని అందులో ఈ పనికి సైక్లిక్ ఏ.ఎం.పి. ప్రమేయమే లేదు. వేరొక ప్రోటీను జన్యువులపై నేరుగా కూర్చుండి ఇతర చక్కెరల ఖాతాలను మూసివేస్తుంది. సూడోమోనాస్ జాతికి గ్లూకోజు మొదటి ఎంపిక కాదు. సక్సినేట్ వంటి సేంద్రియ ఆమ్లాలు ఉన్నంతవరకు అది గ్లూకోజు జోలికి పోదు. ఏ జీవి ఏ పరిసరాలలో తరతరాలుగా బ్రతికినదో, ఆ పరిసరాలకు తగిన రుచి దానికి స్థిరపడినది. లక్ష్యం ఒక్కటే, మార్గాలు అనేకం.

వైద్యశాలలోనూ పొలంలోనూ

ఈ విజ్ఞానం పరిశోధకుల వినోదం కొరకు మాత్రమే కాదు. 1978లో అమెరికాలో మానవ ఇన్సులిన్ గొలుసులను బాక్టీరియాలో తయారుచేసినప్పుడు, ఆ జన్యువులను బీటా-గెలాక్టోసిడేజు జన్యువుకు అతికించి, లాక్ ఓపెరాన్ అధీనంలో ఉంచినారు. మోనో కనుగొన్న తాళమే ఆ ఇన్సులిన్‌కు తాళమైనది. అట్టి ఇన్సులిన్ 1982లో వాడుకకు అనుమతి పొందినది. అంతకుముందు మధుమేహ రోగులు పశువుల, పందుల క్లోమం నుండి తీసిన ఇన్సులిన్ మీదనే ఆధారపడియుండిరి. ఇప్పుడు మన దేశంలోని లక్షలాది రోగులు వాడుచున్న మానవ ఇన్సులిన్ బాక్టీరియా గాని, ఈస్ట్ గాని తయారుచేసినదే.

ఇక పొలం సంగతి. ధాన్యపు గడ్డిని, మొక్కజొన్న చొప్పను నేలలో కలియదున్నిన వెంటనే విత్తిన పైరు కొన్నిసార్లు పసుపుపచ్చగా మారి ఎదుగుదల తగ్గుట రైతులు ఎరిగినదే. కారణం పైన చెప్పిన జమాఖర్చులలోనే ఉన్నది. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి సాధారణంగా 50 నుండి 80 పాళ్లు కర్బనం ఉంటుంది. నేలలోని సూక్ష్మజీవులు తినే కర్బనంలో సుమారు మూడింట రెండు వంతులు శ్వాసలో పోయి, మిగిలినది దేహంగా మారుతుంది. ఆ లెక్కన ఆహారంలో కర్బనం, నత్రజని 25:1 ప్రాంతంలో ఉంటే వాటికి సరిపోతుంది. గడ్డిలో అంత నత్రజని లేదు. అప్పుడు సూక్ష్మజీవులు తమ బలమైన పట్టుతో నేలలోని అమ్మోనియానూ నైట్రేటునూ లాగుకొంటవి. పైరుకు కొరత ఏర్పడుతుంది. గడ్డి కుళ్ళి, సూక్ష్మజీవులు మరణించిన తరువాత ఆ నత్రజని మరల నేలకు చేరుతుంది. కాబట్టి గడ్డిని కాల్చివేయుట పరిష్కారం కాదు. విత్తుటకు కొన్ని వారాల ముందుగానే కలియదున్నుట, లేదా కంపోస్టు చేసి వేయుట, లేదా కొద్దిపాటి నత్రజనిని తోడుగా ఇచ్చుట వివేకం. జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట పైర్లను పూతదశలోనే కలియదున్నుమని చెప్పుటలోని రహస్యం కూడ ఇదే. లేతదశలో వాటిలో నత్రజని పాలు ఎక్కువ. ముదిరినకొద్దీ పీచు పెరిగి కర్బనం పాలు ఎక్కువౌతుంది.

వేరుశనగ, కంది, పెసర, శనగ వంటి పైర్ల వేరుబుడిపెలలో నివసించే రైజోబియం బాక్టీరియాది మరొక పద్ధతి. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చుటకు ఒక్కొక్క నత్రజని అణువుకు కనీసం 16 ఏ.టి.పి.లు ఖర్చౌతవి. ఇంత ఖరీదైన పనిని ఏ బాక్టీరియా నిష్కారణంగా చేయదు. నేలలో స్వతంత్రంగా జీవించే క్లెబ్సియెల్లా వంటివి అమ్మోనియా అందుచున్నంతకాలం ఈ జన్యువులను మూసియే ఉంచుతవి. రైజోబియం సంగతి వేరు. మొక్క దానికి మాలేట్ వంటి ఆమ్లాలను ఆహారంగా ఇస్తుంది. అది తాను చేసిన అమ్మోనియాను తానుంచుకొనక మొక్కకు అప్పగిస్తుంది. కర్బనం ఒకరిది, నత్రజని మరొకరిది. ఇది రెండు ఇళ్ల మధ్య ఉమ్మడి ఖాతా. అయితే పొలంలో యూరియా అధికంగా వేసినట్లయితే, వేళ్ల ద్వారా నత్రజని సులభంగా దొరకుట చేత, మొక్కయే ఈ ఒప్పందాన్ని తగ్గించుకొంటుంది, బుడిపెలు తక్కువౌతవి. అంటే రైతు డబ్బిచ్చి కొన్న ఎరువు, ఉచితంగా వచ్చే ఎరువును ఆపివేసినదన్నమాట. పప్పుజాతి పైర్లకు మొదట్లో కొద్దిపాటి నత్రజనితో సరిపెట్టి, విత్తనానికి రైజోబియం కల్చరు పట్టించుమని వ్యవసాయశాస్త్రం చెప్పుట ఇందుకే.

ముగింపు

"మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకో" అని తెలుగువారు అంటారు. "చాదర్ దేఖ్ కర్ పావ్ ఫైలావో" అని ఉర్దూవారు అంటారు. రెండు భాషల పెద్దలూ ఒకే అనుభవాన్ని చెప్పినారు. ఏ భాషా రాని బాక్టీరియా ఈ నీతిని కోట్ల సంవత్సరాలుగా ఆచరిస్తున్నది. దానికి బుద్ధి ఉన్నదని కాదు. లెక్క తప్పినవి మిగులలేదు, అంతే. కొరత ఎటువైపు ఉన్నదో గ్రహించి, ఉన్న పెట్టుబడిని అటు మళ్ళించుట దాని పద్ధతి.

మనం మాత్రం లెక్క తప్పినా వెంటనే నశించము. గడ్డి కాల్చినా, యూరియా అధికంగా పోసినా ఆ సంవత్సరం పంట పండవచ్చును. నష్టం నెమ్మదిగా, నేల సారంలోనూ రైతు అప్పులోనూ కనిపిస్తుంది. మన విద్యార్థులలో చాలమంది రైతు కుటుంబాల నుండి, చిన్న వ్యాపారుల ఇళ్ల నుండి వచ్చినవారే. జీవశాస్త్ర తరగతిలో లాక్ ఓపెరాన్ బొమ్మ గీసి మార్కులు సంపాదించుటతో ఆగక, ఆ బొమ్మకు తమ పొలంలోని వేరుబుడిపెకూ, ఇంట్లోని ఇన్సులిన్ సీసాకూ గల సంబంధాన్ని వారు ఇంటివారికి వివరించగలిగిననాడు చదువు సార్థకమౌతుంది.